అడవిలో యుద్ధం, ఎన్నికల్లో మాట



ఎన్నికల్లో నిలబడ్డవాళ్లు యుద్ధం గురించి చెప్పే మాటలు ఎప్పుడు మారతాయి, ఎందుకు మారతాయి, ఆ మార్పు భారం చివరికి ఎవరి గడప మీద పడుతుంది అన్న సంగతి ఈ రోజు మాట్లాడదలచుకున్నాను. యుద్ధమంటే సరిహద్దుల్లో సైన్యాలు చేసేది కదా, దానికీ అమ్రాబాద్‌కూ ఏం సంబంధం అని కొందరికి అనిపించవచ్చు. అమ్రాబాద్, పదర, మన్ననూరు, లింగాల వైపు నలభై ఏళ్లు పైబడినవాళ్లను ఎవరినైనా అడగండి. యుద్ధమంటే ఏమిటో వాళ్లకు ఎవరూ విడమరిచి చెప్పనక్కర్లేదు. నల్లమల మీది ఈ పీఠభూమి ఒకటి కాదు, రెండు సాయుధ పోరాటాలను చూసింది. 1948లో పోలీసు యాక్షన్ తర్వాత సైన్యం ఒత్తిడికి తెలంగాణ రైతాంగ పోరాట దళాలు మైదానాలు వదిలి అడవులు పట్టినప్పుడు, వాటిలో కొన్ని కృష్ణ దాపున ఉన్న ఈ అడవికే వచ్చాయి. ఆ తరం పోయాక, 1980ల చివరి నుంచి 2000ల నడిమి దాకా మళ్లీ అన్నల దళాలు, అంటే నక్సలైట్లు, వాటి వెనక గ్రేహౌండ్స్ పోలీసుల కూంబింగులు. అంటే తాతలు ఒక యుద్ధం చూశారు, మనవలు ఇంకో యుద్ధం చూశారు. ఈ రెండు యుద్ధాల మీదా ఓట్లు అడిగినవాళ్లున్నారు, మాట మార్చినవాళ్లున్నారు. ఆ మార్పులన్నీ ఒక్క తీరువి కావు. నేను చెప్పదలచుకున్నది ఆ తేడా గురించే.

ముందు కొంచెం దూరం పోయి వద్దాం. అమెరికాలో అధ్యక్ష ఎన్నికకు ముందు ప్రైమరీలు జరుగుతాయి. ఒకే పార్టీలో పోటీ పడుతున్నవాళ్లలో ఎవరు నిలబడాలో ఆ పార్టీ ఓటర్లే రాష్ట్రాలవారీగా ఓటేసి తేలుస్తారు. 2002 అక్టోబరులో ఇరాక్ మీద సైనిక చర్యకు అధికారమిచ్చే తీర్మానాన్ని అక్కడి సెనేట్ 77-23 ఓట్లతో ఆమోదించింది. డెమోక్రటిక్ పార్టీకి చెందిన జాన్ కెర్రీ, హిల్లరీ క్లింటన్ ఇద్దరూ అనుకూలంగానే ఓటేశారు. మరుసటి ఏడాది యుద్ధం మొదలైంది. అది త్వరగా ముగిసేది కాదని తేలేసరికి ఆ పార్టీ ఓటర్ల మనసు విరిగింది. వర్మాంట్ మాజీ గవర్నర్ హోవార్డ్ డీన్ యుద్ధం వద్దన్న ఒక్క మాటతోనే ముందుకు దూసుకొచ్చాడు. ఆ పోటీ నడుస్తుండగానే, 2003 అక్టోబరులో, యుద్ధ ఖర్చులకు అడిగిన 8,700 కోట్ల డాలర్ల బిల్లుకు కెర్రీ వ్యతిరేకంగా ఓటేశాడు. ఆ డబ్బుకు తాను ముందు అనుకూలంగా ఓటేసి, తర్వాత వ్యతిరేకంగా ఓటేశానని 2004 మార్చిలో ఆయనే ఒక సభలో అన్నాడు. టికెట్ గెలిచాడు గానీ, ఆ ఒక్క వాక్యం నవంబరు దాకా ఆయనను వెంటాడింది. హిల్లరీ క్లింటన్ 2008 ప్రైమరీల్లో తన పాత ఓటు తప్పని ఒప్పుకోలేదు. 2002 అక్టోబరులోనే షికాగోలో ఇరాక్ యుద్ధాన్ని వ్యతిరేకిస్తూ మాట్లాడిన ఒబామా చేతిలో ఆమె ఓడిపోయారు. ఆ ఓటు తప్పని ఆమె 2014లో తన పుస్తకంలో రాశారు.

ఈ కథంతా ఎందుకు చెప్తున్నానంటే, అక్కడ అయోవాలోనో న్యూ హ్యాంప్‌షైర్‌లోనో చిన్న ఊరి హాల్లో ఒక మామూలు మనిషి లేచి నిలబడి, తన పేరు చెప్పి, అప్పుడు యుద్ధానికి ఎందుకు ఓటేశారు అని అభ్యర్థి మొహం మీదే అడగగలడు. అడిగినందుకు ఆ రాత్రి అతని ఇంటి తలుపు ఎవరూ తట్టరు. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి. మన ఊళ్లకు వచ్చాక దీని అవసరం పడుతుంది.

మాట మార్చడమే పాపమని నేను అనడం లేదు. దానికి మన నల్లగొండలోనే గట్టి సాక్ష్యం ఉంది. 1947 సెప్టెంబరు 11న నిజాం పాలన మీద సాయుధ పోరాటానికి పిలుపునిచ్చిన ముగ్గురిలో భువనగిరి పక్కన బొల్లేపల్లికి చెందిన రావి నారాయణరెడ్డి ఒకరు. తక్కిన ఇద్దరు బద్దం ఎల్లారెడ్డి, మఖ్దూం మొహియుద్దీన్. ఏడాది గడిచింది. భారత సైన్యం వచ్చింది, నిజాం లొంగిపోయాడు. ఇక తుపాకి దించాలని రావి నారాయణరెడ్డి వాదించడం మొదలుపెట్టారు. పిలుపిచ్చినవాడే ఆపమంటున్నాడేమిటని సొంత కమ్యూనిస్టు పార్టీలోనే ఆయన మీద కటువైన విమర్శలు వచ్చాయి. పార్టీ రెండుగా చీలినంత పనైంది. పోరాటం కొనసాగాలన్నవాళ్లు ఒకవైపు, చాలించాలన్నవాళ్లు ఇంకోవైపు. ఈ వాదం మాస్కో దాకా పోయింది. 1951 మొదట్లో నలుగురు నాయకులు అక్కడికి వెళ్లి స్టాలిన్‌ను కలిసి వచ్చారు. చివరికి 1951 అక్టోబరు 21న పోరాట విరమణ ప్రకటన వెలువడింది. కొద్ది నెలలకే తొలి సార్వత్రిక ఎన్నికలు. హైదరాబాద్ రాష్ట్రంలో కమ్యూనిస్టు పార్టీ మీద నిషేధం ఉండటంతో వాళ్లు పీపుల్స్ డెమోక్రటిక్ ఫ్రంట్ పేరుతో పోటీ చేశారు. ఇద్దరు సభ్యులను ఎన్నుకునే నల్లగొండ లోక్‌సభ స్థానంలో రావి నారాయణరెడ్డికి 3 లక్షల 9 వేలకు పైగా ఓట్లు పడ్డాయి. ఆ ఎన్నికల్లో దేశం మొత్తం మీద ఎక్కువ ఓట్లు వచ్చింది ఆయనకే. నెహ్రూకు కూడా అన్ని రాలేదు.

యుద్ధానికి పిలుపిచ్చిన మనిషి, యుద్ధం ఆపుదామన్న మనిషి ఒక్కరే. అయినా జనం నమ్మారు. ఎందుకు నమ్మారు? నా మటుకు నాకు కారణం స్పష్టంగానే కనిపిస్తుంది. మాట మారింది ఓటుకు ముందు. మూడేళ్లు లోపలా బయటా కొట్లాడి, తిట్లు తిని, పోరాటం ఇక్కడితో చాలిస్తున్నాం అని బాహాటంగా చెప్పి, ఆ తర్వాతే ఓటు అడిగారు. ఓటేసినవాడికి తాను దేనికి ఓటేస్తున్నాడో తెలుసు. అడవిలో మిగిలిపోయిన దళ సభ్యులకు, కేసులు మీద పడ్డ రైతులకు ఆ విరమణ ఎంత చేదుగా ఉందన్నది వేరే కథ. అది కూడా నిజమే. కానీ వాళ్లను చీకట్లో పెట్టి ఎవరూ గెలవలేదు.

తర్వాతి కాలం అట్లా లేదు. 1982లో తెలుగుదేశం పెట్టి ఊరూరా తిరుగుతూ నక్సలైట్లు దేశభక్తులని ఎన్టీ రామారావు అన్నారు. గెలిచారు. 1985 తర్వాత ఆయన ప్రభుత్వంలోనే ఎన్‌కౌంటర్లు పెరిగాయి, 1989లో గ్రేహౌండ్స్ పుట్టింది. 1989 డిసెంబరులో కాంగ్రెస్ ముఖ్యమంత్రిగా చెన్నారెడ్డి వచ్చి పట్టు సడలించారు. బహిరంగ సభలు జరిగాయి, 1990లో వరంగల్ సభకు జనం లక్షల్లో పోయారు. అదే కాంగ్రెస్‌లో ముఖ్యమంత్రి మారి, జనార్దనరెడ్డి రాగానే వాతావరణం మారింది. 1992 మే నెలలో నక్సలైట్ల పార్టీ పీపుల్స్‌వార్ మీద నిషేధం వచ్చింది. 1994లో నిషేధం ఎత్తేస్తామని ఎన్టీఆర్ మళ్లీ ఓట్లడిగి గెలిచారు, 1995లో ఎత్తేశారు. అదే పార్టీలో చంద్రబాబు నాయుడు ముఖ్యమంత్రి అయ్యాక 1996 జూలైలో నిషేధం మళ్లీ పెట్టారు. పద్నాలుగేళ్లలో రెండు పెద్ద పార్టీలూ ప్రతిపక్షంలో ఉన్నప్పుడు ఒక మాట, సచివాలయంలో కూర్చున్నాక ఇంకో మాట. ఏ ఒక్క మార్పుకూ ముందు ఎవరూ ఓటర్ల దగ్గరికి తిరిగొచ్చి, మేము అప్పుడు ఇట్లా అన్నాం, ఇప్పుడు ఈ కారణం వల్ల అట్లా చేయలేకపోతున్నాం అని చెప్పలేదు.

ఈ ఏళ్లలో నల్లమల ఊరకే లేదు. 1993లో మన మహబూబ్‌నగర్ ఎస్పీ పరదేశి నాయుడు కొల్లాపూర్ దగ్గర సోమశిల దారిలో మందుపాతరకు బలయ్యారు. ఆయనతో పాటు పోలీసులూ పోయారు. 2001 డిసెంబరులో దేవరకొండ ఎమ్మెల్యే రాగ్యానాయక్‌ను, తండాలో పుట్టి అసెంబ్లీ దాకా ఎదిగిన లంబాడా బిడ్డను, నల్లమలలో నక్సలైట్లు కాల్చి చంపారు. అటువైపు ఎన్‌కౌంటర్లలో పోయినవాళ్లలో ఈ తాలూకా పిల్లలూ ఉన్నారు. ఎవరి చావునూ తక్కువ చేసి చెప్పే హక్కు నాకు లేదు.

ఇప్పుడు 2004 దగ్గరికి వద్దాం. ఇక్కడ కొంచెం నిదానంగా నడవాలి. ఎందుకంటే మన రాష్ట్రంలో యుద్ధమూ శాంతీ అన్న ప్రశ్న ఎన్నికలకు అంత దగ్గరగా అంతకుముందు ఎప్పుడూ రాలేదు.

2003 అక్టోబరు 1న తిరుపతి అలిపిరి దగ్గర చంద్రబాబు కాన్వాయ్ మీద పీపుల్స్‌వార్ పెట్టిన మందుపాతరలు పేలాయి. ఆయన గాయాలతో బయటపడ్డారు. నవంబరులో అసెంబ్లీ రద్దు చేసి ముందస్తు ఎన్నికలకు వెళ్లారు. 2002లో ఆయన ప్రభుత్వమే పీపుల్స్‌వార్ ప్రతినిధులుగా వచ్చిన వరవరరావు, గద్దర్‌లతో మాట్లాడింది. ఆ ప్రయత్నం తెగిపోయింది. అలిపిరి తర్వాత ఆయన మాట గట్టిపడింది, ఉగ్రవాదాన్ని అణిచేస్తామన్నారు. రాజశేఖరరెడ్డి నాయకత్వంలో కాంగ్రెస్ ఇంకో దారి పట్టింది. గెలిస్తే చర్చలు జరుపుతామంది. పదవీ విరమణ చేసిన ఐఏఎస్ అధికారి ఎస్.ఆర్. శంకరన్ నాయకత్వంలో పౌర స్పందన వేదిక 1997 నుంచీ ఇరుపక్షాల మధ్యా తిరుగుతూ అడుగుతున్నది కూడా అదే. ఏప్రిల్ ఎన్నికల్లో కాంగ్రెస్‌కు 185 స్థానాలు, తెలుగుదేశానికి 47. మే 14న రాజశేఖరరెడ్డి ప్రమాణం చేశారు. జూన్‌లో కాల్పులు ఆగాయి. జూలైలో నిషేధం గడువు తీరితే ప్రభుత్వం దాన్ని పొడిగించలేదు.

ఆ వేసవి నుంచి చలికాలం దాకా మన అడవిలో ఎట్లా ఉండేదో చెప్తాను. అమ్రాబాద్ సంతకు జనం చీకటి పడ్డాక కూడా నిలబడ్డారు. అంతకుముందైతే పొద్దు గూకకముందే బుట్టలు సర్దుకునేవాళ్లు. తేనె, జిగురు గిరిజన సహకార సంస్థ (జీసీసీ) డిపోకు తెచ్చే చెంచులు తిరుగు దారిలో బియ్యం మూట పట్టుకుని పోతుంటే, ఇన్ని బియ్యం ఎవరికి అని అడిగేవాళ్లు లేరు. చిన్న సంగతి లాగే ఉంటుంది. కానీ నాలుగు మెతుకులు ఎక్కువ వండితే నేరమైన చోట ఒక మూట బియ్యం నిర్భయంగా మోసుకుపోవడం చిన్న సంగతి కాదు.

ఎందుకంటే అంతకుముందు ఆ చెంచు పెంటల్లో, లంబాడా తండాల్లో రాత్రిళ్లు ఎట్లా గడిచాయో ఆ ఇళ్లవాళ్లకే తెలుసు. పొద్దుగూకినాక తలుపు తడతారు. ఐదారుగురుంటారు. అమ్మా, అన్నం కావాలె అంటారు. భుజాన తుపాకి వేసుకున్న మనిషికి లేదని చెప్పే ధైర్యం ఎవరికుంటుంది? పోనీ, ఆకలైనవాడికి లేదనే గుణం ఆ ఇళ్లల్లో ఎన్నడూ లేదు. ఇంటావిడ పొయ్యి మళ్లీ రాజేసి జొన్నరొట్టెలో, ఇంత గటకో పెడుతుంది. వాళ్లు తిని పోతారు. మూడో రోజు పొద్దున జీపు వస్తుంది. పొయ్యి పక్కన కడిగి బోర్లించిన కంచాలు లెక్కపెడతారు. ఇంట్లో నలుగురు, కంచాలు తొమ్మిది ఎందుకున్నాయి? ఇంటాయనను ఎక్కించుకుని పోతారు. రెండు రోజులకో మూడు రోజులకో నడవలేక నడుస్తూ వస్తాడు. ఆ వారమే మళ్లీ రాత్రి తలుపు చప్పుడు, స్టేషన్ల ఏం చెప్పినవ్ అని. ఇన్ఫార్మర్ అన్న పేరు పడిందంటే ఇక ఆ మనిషి బతుకు దినదిన గండమే. వాళ్లకూ మేమే దొరికినం, వీళ్లకూ మేమే దొరికినం అని ఆ ఊళ్ల పెద్దవాళ్లు ఇప్పటికీ అంటారు. ఆ మాటలో రాజకీయమేమీ లేదు, జరిగింది చెప్పడమే.

చర్చల కోసం 2004 అక్టోబరు 11న అప్పటికి మావోయిస్టు పార్టీగా మారిన పీపుల్స్‌వార్ నాయకుడు రామకృష్ణ నల్లమలకు ఆవలి వైపు, ప్రకాశం జిల్లా చిన్న ఆరుట్ల దగ్గర అడవి నుంచి బయటికొచ్చారు. ఆయన వెంట సుధాకర్, గణేష్. ఇంకో నక్సలైట్ పార్టీ జనశక్తి తరఫున అమర్, రియాజ్ వచ్చారు. అక్టోబరు 15 నుంచి 18 దాకా హైదరాబాద్‌లో చర్చలు. ప్రభుత్వం వైపు ముఖ్యుడు హోంమంత్రి కుందూరు జానారెడ్డి, మన నల్లగొండ జిల్లా చలకుర్తి ఎమ్మెల్యే. శంకరన్, కన్నబిరాన్, హరగోపాల్ లాంటి పెద్దలు మధ్యవర్తులు. నాలుగు రోజులు బల్లకు ఇటూ అటూ కూర్చుని భూమి గురించి, కేసుల గురించి, ఆయుధాలతో ఊళ్లలో తిరగడం గురించి మాట్లాడుకున్నారు. దేశంలో అట్లాంటి దృశ్యం అరుదు. రేడియో పెట్టుకుని వార్తల కోసం చెవులు రిక్కించిన ఇళ్లు ఈ జిల్లాలో వేలల్లో ఉంటాయి.

తర్వాత ఏమైందో తెలుసు. ఆయుధాల దగ్గర పీటముడి పడింది. తుపాకులు పక్కన పెట్టి ఊళ్లలోకి రావాలని ప్రభుత్వం, అది కుదరదని వాళ్లు. కాల్పుల విరమణను ఎవరు కనిపెట్టుకుని ఉండాలి, ఉల్లంఘన జరిగిందని ఒకరంటే తేల్చేదెవరు అన్నదానికి ఇరుపక్షాలూ సంతకం పెట్టిన కట్టుబాటు ఏదీ తయారు కాలేదు. రెండో విడత జరగలేదు. 2005 జనవరిలో మళ్లీ ఎన్‌కౌంటర్లు, ఆ నెలలోనే చర్చల నుంచి తప్పుకుంటున్నామని మావోయిస్టులు ప్రకటించారు. చర్చల బల్ల దగ్గర కూర్చున్న రియాజ్ ఆ ఏడాది జూలైలో ఎన్‌కౌంటర్‌లో చనిపోయారు. ఆగస్టు 15న నారాయణపేటలో మక్తల్ ఎమ్మెల్యే చిట్టెం నర్సిరెడ్డిని, ఆయన కుమారుడితో సహా ఇంకొందరిని మావోయిస్టులు కాల్చి చంపారు. రెండు రోజులకు, ఆగస్టు 17న, నిషేధం తిరిగొచ్చింది. 2006 జూలైలో రాష్ట్ర కార్యదర్శి మాధవ్ నల్లమలలో చనిపోయాక ఈ అడవిలో వాళ్ల కథ దాదాపు ముగిసింది. శాంతి కావాలని ఓట్లడిగి గెలిచిన ప్రభుత్వమే ఈ అడవిలో యుద్ధాన్ని చివరికంటా నడిపింది.

తప్పు ఎవరిది అని నన్నడిగితే, ఒకరి మీదే పెట్టలేను. స్వాతంత్ర్య దినం నాడు జనం మధ్యలో నిలబడ్డ ఒక శాసనసభ్యుణ్ణి కొడుకుతో సహా చంపడం నీచమైన పని. దాన్ని సమర్థించే మాట ఈ నోటి నుంచి రాదు. అయితే ప్రభుత్వం మాట మారింది ఆ ఆగస్టులో కాదు. జనవరిలోనే మారింది. ఆ మార్పు ఎందుకో అసెంబ్లీలో, పత్రికల్లో వినిపించింది గానీ, 2004 ఏప్రిల్‌లో చర్చలు జరుపుతారని నమ్మి ఓటేసిన పెంటలకూ తండాలకూ వచ్చి ఎవరూ చెప్పలేదు. వాళ్లకు తెలిసింది బూట్ల చప్పుడు మళ్లీ మొదలైనప్పుడే. చర్చలను తప్పుబట్టిన తెలుగుదేశం కూడా రెండేళ్ల ముందు తానెందుకు మాట్లాడిందో, ఇప్పుడెందుకు వద్దంటున్నదో ఏ సభలోనూ విప్పి చెప్పలేదు.

ఎందుకు మారతారు నాయకులు? దుర్బుద్ధి ఒక్కటే కారణమని నేననుకోను. ప్రతిపక్షంలో ఉన్నవాడికి పోలీసు శాఖ బాధ్యత లేదు. ఊళ్లు తిరగాలి, సభలు పెట్టాలి, అడవి పక్క పల్లెల్లో తన కార్యకర్త ప్రాణాలతో ఉండాలి. శాంతి మాట మనసులోంచే వచ్చి ఉండవచ్చు, అవసరమూ కలిసి వస్తుంది. గెలిచి హోంశాఖ ఫైళ్లు ముందుకొచ్చాక లెక్క వేరు. కానిస్టేబుల్ చనిపోతే అతని భార్యకు జవాబు చెప్పాలి. కాంట్రాక్టరు పని ఆపేస్తే రోడ్డు ఆగుతుంది. కేంద్రం అడుగుతుంది, పెట్టుబడులు పెట్టేవాళ్లు అడుగుతారు, పత్రికలు అడుగుతాయి. వీళ్లందరికీ ముఖ్యమంత్రి గదిలోకి దారి ఉంది. కంచాలు లెక్కపెట్టించుకున్న ఇంటావిడకు లేదు. నాయకుడి మాట ఎటు మొగ్గుతుందో ఇక వేరే చెప్పాలా?

ఆమె అడగలేదు కూడా. ఇదే నా మనసును ఎక్కువ కలచే సంగతి. 2004 ప్రచారంలో అచ్చంపేట నియోజకవర్గంలో జీపులు తిరిగాయి, మైకులు మోగాయి. జనం అడిగినవి బోరింగు, పింఛను, రేషన్ కార్డు, బస్సు. యుద్ధం సంగతి ఒక్కరూ నోరెత్తలేదు. యుద్ధం పట్టని మనుషులని కాదు, అందరికంటే ఎక్కువ పట్టింది వాళ్లకే. కానీ నలుగురి ముందు, పోలీసులను కట్టడి చేస్తారా అని అడిగితే అన్నల మనిషని పేరు. అన్నలను రాకుండా చేస్తారా అని అడిగితే ఇన్ఫార్మరని పేరు. రెండు ప్రశ్నలకూ శిక్ష ఉంది. న్యూ హ్యాంప్‌షైర్ హాల్లో లేచిన మనిషికీ మన మన్ననూరు రచ్చబండ దగ్గర కూర్చున్న మనిషికీ తేడా చదువులో లేదు, తెలివిలో లేదు. యుద్ధం ఇంటి ముందే జరుగుతున్నవాడు యుద్ధం గురించి ప్రశ్న అడగలేడు. అభ్యర్థికి బీ-ఫారం హైదరాబాద్‌లోనో ఢిల్లీలోనో చేతికొస్తుంది. అక్కడ అడిగేవాళ్లు లేరు. ఇక్కడ అడగగలిగినవాళ్లు లేరు. మాట మార్చినా ఏ నాయకుడికీ నష్టం కలగలేదంటే కారణం ఇదే.

తెలంగాణ వచ్చాక కూడా ఈ తీరు పోలేదు. నక్సలైట్ల ఎజెండాయే మా ఎజెండా అని ఉద్యమ కాలంలో కేసీఆర్ చెప్పిన మాట అందరూ విన్నదే. 2014లో ఆయన ముఖ్యమంత్రి అయ్యారు. 2015 సెప్టెంబరులో తాడ్వాయి అడవిలో శ్రుతి, విద్యాసాగర్ అనే ఇద్దరు యువతీ యువకులు ఎన్‌కౌంటర్‌లో చనిపోయారు. ఉద్యమంలో ఆయన పక్కన నడిచినవాళ్లే వీధుల్లోకి వచ్చారు. పదేళ్లకు, 2025 ఏప్రిల్ 27న ఎల్కతుర్తి సభలో, ప్రతిపక్ష నాయకుడిగా ఆయనే మావోయిస్టుల మీద నడుస్తున్న ఆపరేషన్ కగార్ ఆపి చర్చలు జరపాలని కేంద్రాన్ని కోరారు. అదే రోజుల్లో ముఖ్యమంత్రి రేవంత్‌రెడ్డి నక్సలిజాన్ని సామాజిక కోణంలో చూడాలన్నారు, శాంతి చర్చల కమిటీ వాళ్లను కలిశారు, 2004 అనుభవం ఉన్న జానారెడ్డి ఇంటికి వెళ్లి మాట్లాడారు. రేవంత్‌రెడ్డి సొంతూరు కొండారెడ్డిపల్లి అచ్చంపేట నియోజకవర్గంలోనిదే. నల్లమల సంగతి ఆయనకు ఒకరు చెప్పాల్సింది కాదు. ఆయన ప్రభుత్వంలోనే 2024 డిసెంబరు 1న ములుగు జిల్లా చల్పాకలో ఏడుగురు మావోయిస్టులు ఎన్‌కౌంటర్‌లో చనిపోయారు. ఏప్రిల్ మాట నిజమా, డిసెంబరు పని నిజమా అని నేను నిలదీయడం లేదు. రెంటి మధ్యా ఏం జరిగిందో, ఏది విధానమో, ఓటేసినవాళ్లకు చెప్పాలని అడుగుతున్నాను. కేసీఆర్‌ను కూడా అదే అడుగుతాను. 2015కూ 2025కూ మధ్య మనసు మారితే మంచిదే. దేనికి మారిందో చెప్పాలి.

2004లో బల్ల దగ్గర కూర్చున్నవాళ్లలో ఇప్పుడు మిగిలిందెవరు? శంకరన్, కన్నబిరాన్ 2010లో పోయారు. రామకృష్ణ 2021లో జబ్బుతో చనిపోయారు. సుధాకర్, గణేష్ ఇద్దరూ 2025 జూన్‌లోనే, ఒకరు ఛత్తీస్‌గఢ్‌లో, ఇంకొకరు అల్లూరి సీతారామరాజు జిల్లాలో ఎన్‌కౌంటర్లలో చనిపోయారు. మాట్లాడుకోవడానికి వచ్చిన మనుషుల్లో చాలామంది ఒక్కొక్కరే పోయారు. వాళ్లు బల్ల మీద పెట్టిన విషయాలు మాత్రం పోలేదు. ఆ చర్చల ఊపులోనే మంత్రి కోనేరు రంగారావు అధ్యక్షతన భూమి కమిటీ వేశారు. అది 2006లో 104 సిఫారసులతో నివేదిక ఇచ్చింది. అసైన్డ్ భూములు ఎవరి చేతుల్లో ఉన్నాయి, గిరిజనుల భూమి ఎట్లా జారిపోతున్నది, పేదవాడికి పట్టా ఉన్నా పొలం ఎందుకు లేదు అన్నవన్నీ అందులో ఉన్నాయి. నాలుగు రోజుల మాటల వల్ల ఇంత వచ్చింది. ఇరవై ఏళ్ల తుపాకుల వల్ల, అటువైపువైనా ఇటువైపువైనా, అమ్రాబాద్ రైతుకు ఒక్క పట్టా కాగితం వచ్చిందా?

ఇప్పుడు నల్లమలలో తుపాకి చప్పుడు లేదు. శ్రీశైలం రోడ్డు మీద రాత్రి గేటు వేస్తున్నది పులుల కోసం. అమ్రాబాద్ టైగర్ రిజర్వు 2,611 చదరపు కిలోమీటర్లు. సార్లపల్లి, కుడిచింతలబైలు లాంటి ఊళ్లను అడవి బయటికి తరలించే పని నడుస్తున్నది, కుటుంబానికి 15 లక్షల ప్యాకేజీ అంటున్నారు. ఈ ఊళ్లవాళ్లు ఇరవై ఏళ్ల కింద ఏ ప్రశ్న అడిగినా ఏదో ఒక ముద్ర పడేది. ఇవాళ ఆ భయం లేదు. అచ్చంపేటలో రేపు నిలబడేవాళ్లెవరైనా సరే, వాళ్లను నలుగురి ముందు పేరు చెప్పి అడగవచ్చు. 2004 చర్చల రికార్డులు బయట పెట్టిస్తారా? కోనేరు రంగారావు కమిటీ చెప్పిన 104లో ఈ మండలాల్లో ఎన్ని అమలయ్యాయి? అన్నం పెట్టినందుకు పెట్టిన కేసులు ఇంకా ఎవరి మీదైనా ఉన్నాయా, ఉంటే ఎత్తేస్తారా? అడవి నుంచి కదలనన్న చెంచు కుటుంబాన్ని ఏం చేస్తారు? ఛత్తీస్‌గఢ్‌లోని బస్తర్ అడవుల్లో మన భాష మాట్లాడే ఊళ్లున్నాయి. అక్కడ ఇంటావిడ కంచాలు ఇవాళ ఎవరు లెక్కపెడుతున్నారు, మీ పార్టీ దాని మీద పార్లమెంటులో ఏమన్నది? బోరింగు, పింఛను అడిగిన గొంతులతోనే ఇవి కూడా అడగండి. జవాబు రాసుకోండి, తేదీ వేసుకోండి.